తీతువు మీద నింద

మా పక్క వాటా సిస్టరమ్మగారు పోయారు. రైల్వే ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. నిద్రలోనే గుండె ఆగింది. ప్రార్థన కూడికలో గోల్ఫ్ క్లబ్ సెక్రటరీ మైకు అందుకుని, ఆమె పోయే ముందు సాయంత్రం ఇంటి దగ్గర తీతువు అరిచిందనీ, తను అప్పుడే కీడు శంకించాననీ చెప్పాడు. జనం తలలూపారు. ఈ నాలుగు మాటలు రాయడానికి అదే కారణం.

నవా రాయ్‌పూర్ దారిలోని ఆ గోల్ఫ్ మైదానంలో ఏటా ఎండాకాలం మా కాలనీవాళ్లం తిరిగి పక్షుల్నీ, ముంగిసల్నీ, ఉడుముల్నీ లెక్కపెట్టేవాళ్లం. మొదలుపెట్టింది ఆమే. నూలు చీర, కాన్వాసు బూట్లు, మెడలో బైనాక్యులర్స్. పిట్ట కనిపిస్తే వేలు చూపేవారు కాదు, గడ్డం ఎత్తేవారు. రోగి వైపు వేలు చూపకూడదని వార్డులో అబ్బిన అలవాటట. క్లబ్బుకు మాత్రం లెక్కలో నెమళ్లే ఎక్కువ కావాలి.

“ఇంకొన్ని కలపండి సిస్టరమ్మా, ఎవరొచ్చి చూస్తారు?” అన్నాడు సెక్రటరీ.

“థర్మామీటరు పెట్టకుండా జ్వరం రాసే అలవాటు నాకు లేదు బాబూ.”

ఒక ఏడాది గోల్ఫ్ పోటీలకు ముందు, ఆడే గడ్డి మధ్యలో తీతువు గుడ్లు పెట్టింది. దానికి గూడంటూ ఉండదు, నేలే. సెక్రటరీ కోస్తావాడు. ఇంగ్లీషు దొరలా మాట్లాడతాడు, తీతువంటే మాత్రం హడలు. గడ్డి కోసే మెషిన్ వాటి మీదుగా తోలించెయ్యమన్నాడు.

సిస్టరమ్మగారు ప్లాస్టిక్ కుర్చీ తెచ్చుకుని, గుడ్లకు కాస్త ఎడంగా, మెషిన్‌కు అడ్డంగా గొడుగు వేసుకుని కూర్చున్నారు. “దాయీ, థోరిక్ హట్ జా, సాహబ్ గుసియాహీ” అని డ్రైవరు కాస్త తప్పుకోమని బతిమాలాడు. సాహబ్ కోప్పడతాడని అతని భయం. ఆ సెక్రటరీ సాహబ్ రానే వచ్చాడు.

“అది అరిస్తే మనిషి పోతాడండీ. మా అమ్మమ్మ పోయినప్పుడు కూడా...”

“అలాగైతే నా సర్వీసంతా మా వార్డులో తీతువులే తిరగాలి. గుడ్ల దగ్గరికి ఎవరైనా వస్తే అరుస్తుంది, అంతే. నీ పిల్లల్ని తొక్కబోతే నువ్వు పాట పాడతావా?”

నేను పైకే నవ్వాను. అప్పట్నుంచి అతను నాకు నమస్కారం పెట్టడు.

గుడ్లు పగిలి పిల్లలు నడిచి వెళ్లిపోయేదాకా ఆమె రోజూ వెళ్లి కూర్చున్నారు. తర్వాత, పక్షులకు మేం మిత్రులమంటూ క్లబ్బు గేటు దగ్గర బోర్డు వెలిసింది, కింద సెక్రటరీ పేరుతో. ఆమె ఆగి చదివి, “రంగు బాగుంది” అన్నారు.

ఇక అసలు సంగతి. ఆ సాయంత్రం తీతువు అరిచిన మాట నిజమే. నేనూ ఆమే వరండాలో ఉన్నాం. ఎదుటి ఖాళీ స్థలంలోకి కుక్క దూరింది. సిస్టరమ్మగారు అటు గడ్డం ఎత్తి, “గుడ్లున్నట్టున్నాయి అన్నయ్యగారూ, రేపు చూద్దాం” అన్నారు.

ఉన్నాయి. సెక్రటరీ ప్రసంగం విన్నాక కాలనీవాళ్లు వాటి మీదకు రాళ్లు తీస్తున్నారు. అందుకని ఆమె కుర్చీ వాళ్లింట్లో అడిగి తెచ్చుకుని ఈ ఖాళీ స్థలంలో వేసుకున్నాను, ఇది కూడా ఇందులో కూర్చునే రాస్తున్నాను. ఇందాకటిదాకా తీతువు నా నెత్తిమీద తిరుగుతూ అరిచింది. ఇప్పుడు నాలుగడుగులు వేసి, ఆగి, కళ్ల ముందు ఎర్రటి మడతలతో నన్ను ఓసారి చూసి, వచ్చి గుడ్ల మీద కూర్చుంది.