రంగూన్ ఫోటో, నేను గీసిన వంశవృక్షం

పెళ్ళాడబోయే పిల్లను నా నోటితో నేనే చెల్లెల్ని చేసుకున్న ఘనుణ్ణి నేను. నవ్వండి, ఫరవాలేదు. డెబ్బైల చివర్లో జరిగిన ముచ్చట కనుక ఇప్పుడు నేనూ నవ్వుతున్నాను.

అప్పుడు శేరిలింగంపల్లిలో కిరాయికుండేవాణ్ణి. సర్కారు గుమాస్తాను. అమ్మానాన్నలు లేరు. రెండు వీధుల అవతల విశాఖవాళ్ళ అమ్మాయి సరళను చూసొచ్చాక నాకు అన్నం సయించలేదు. వాళ్ళ నాన్నగారు మాత్రం నసిగారు.

"మీదీ మాలాగే రంగూన్ నుంచి వచ్చిన కుటుంబం అంటున్నారు, సరే. ముందుతరాలవాళ్ళెవరో తెలియకుండా పిల్లనెలా ఇస్తామండీ?"

తెలియకపోవడమేమిటి? వాళ్ళ గోడమీది ఫోటోయే మా ఇంట్లోనూ ఉంది! రంగూన్ స్టూడియోలో భుజాలమీద చేతులేసుకున్న ఇద్దరు. ఒకరు మా నాన్నకు నాన్న, ఇంకొకరు ఆ పిల్ల నాన్నకు నాన్న. ఒకే రకం కోటు, ఒకే రకం మీసం. ఇంకేం కావాలి? నెల్లాళ్ళు కూర్చుని కేలండర్ వెనక వంశవృక్షం గీశాను. ఇద్దర్నీ విశాఖలో ఓడెక్కించి, రంగూన్‌లో దింపి, జపానువాళ్ళ బాంబులు పడ్డాక అడవుల్లో నడిపించి మళ్ళీ దేశానికి చేర్చాను. ఇంటిపేర్లు కలవకపోతే వాళ్ళ తాతను దత్తత కూడా ఇచ్చేశాను. ఎవరికని మాత్రం అడక్కండి.

పెద్దదిక్కుగా మా ఇంటి యజమానురాలు మల్లమ్మను వెంటబెట్టుకెళ్ళి, కేలండర్ పరిచాను.

"చూశారా అండీ! మీ నాన్నగారూ మా తాతగారూ సొంత అన్నదమ్ములు. మనం పరాయివాళ్ళం కాదు!"

ఆయన చేతిలో లడ్డూ నోటిదాకా వెళ్ళి ఆగింది. "అంటే, మా సరళ మీకు చెల్లెలా బాబూ?"

మల్లమ్మ నెత్తి కొట్టుకుంది. "గిదేంది పిలగా! నన్ను సంబంధానికి తోల్కొచ్చినవా, రాఖీ కట్టిచ్చుకుంటానికా?"

నాకు నిజంగానే ఏడుపొచ్చింది. అంతలో, ముందురోజే విశాఖ నుంచి వచ్చిన సరళ నాయనమ్మ మా మాటలు విని బయటికొచ్చి గోడమీది ఫోటో చూసింది.

"ఆ కోట్లు స్టూడియోవి నాయనా! వచ్చిన ప్రతివాడికీ అవే తొడిగేవాడు."

"మరి మీసాలండీ?" అన్నాను భయంభయంగా.

"అప్పుడందరికీ అవే మీసాలు! మీ తాతా మా ఆయనా ఓడలో స్నేహితులయ్యారు, అంతే. తిరిగొచ్చేటప్పుడు అడవిదారిలో నా కాళ్ళు వాచిపోతే, నాలుగేళ్ళ నా కొడుకుని భుజానేసుకుని నడిచింది మీ తాతే. ఇదిగో, వీణ్ణే!"

సరళ నాన్నగారు లడ్డూ పక్కన పెట్టి నా చెయ్యి పట్టుకున్నారు. "నన్ను మోసినాయన మనవడివా! ముహూర్తం పెట్టిస్తాను బాబూ," అన్నారు.

పెళ్ళయింది. కానీ ఇప్పటికీ కోపమొస్తే సరళ వంటింట్లోంచి, "అన్నయ్యా, వడ్డించాను!" అని కేకేస్తుంది. అందుకే కంచం ముందు కూర్చుని రోజూ ప్రమాణం చేస్తుంటాను. ఇక ఈ జన్మలో ఎవరి తాతనూ దత్తత ఇవ్వను.