ఉలవలు తిన్న నెల

ఆ రోజుల్లో కండ తింటే వస్తుందని, పనిచేస్తే కరిగిపోతుందని నమ్మినవాణ్ని నేను. నందికొండలో డ్యాం కడుతున్న కాలం. మాకు రెండేళ్లుగా వానల్లేవు, ఎడ్లు కూడా అమ్మేశాం, ఇంట్లో అవ్వా నేనే. రాళ్లు మోసే పని దొరక్కపోతే ఆ ఏడు తిండి గడవడమే కష్టం. కూలి వరుసలో నిలబడితే మేస్త్రీ నా దండచెయ్యి పట్టి చూసి, అందరూ వినేట్టు "గిది చెయ్యా, చింత బరికెనా? రాయిని నువ్వు మోస్తవా, రాయే నిన్ను మోయాల్నా? నెల దినాలల్ల కండ పెంచుకొని రాపో!" అన్నాడు. (అప్పుడు నవ్విన పదకొండు మంది ముఖాలూ నాకిప్పటికీ గుర్తే.)

దుక్కుల ముందు మావాళ్లు ఎడ్లకు ఉలవలు పెట్టి, కాడి కట్టకుండా కొట్టంలో ఉంచేవాళ్లు. నేనూ అదే చేశాను. ఎడ్లకని దాచిన ఉలవలు ఉడికించుకుని తినడం, మంచం దిగకపోవడం. "జర నీళ్లు తోడరాదురా?" అనేది అవ్వ. "వద్దే అవ్వా, బలం పోతది." "మరి నా బలం ఎవడు పైలం జేస్తడురా?" అని గొణుగుతూ ముసలామే బావికి పోయేది. రోజూ పొద్దున దండచేతికి తాడు చుట్టి కొలుచుకునేవాణ్ని. తాడు వదులవుతోంది, పొట్ట మీద పంచె బిగుతవుతోంది. అయిదు రోజులే మిగిలేసరికి, చెయ్యెందుకు సన్నబడుతోందో అడుగుదామని దవాఖానకు పరుగెత్తాను. అక్కడి కంపౌండరును అందరం సూది సారు అనేవాళ్లం.

"కండ గాదెల పోసిన గింజ కాదు తమ్మీ," అన్నాడాయన. "దినాం కొంత అరుగుతది, దినాం కొత్తది కడతది. నువ్వు తిన్న ఉలవలు రాయీ సున్నమే. చెయ్యి బరువు లేపితెనే లోపలోడు గోడ కడతడు. పని లేకుంటే ఉన్నది గూడ ఊడదీస్తడు."

"మరి ఎడ్లకో సారూ?"

"ఎడ్లు ఏడాదంత దున్నినయి. నువ్వేం దున్నినవ్?"

"అయిదు దినాలల్ల కండ అయితదా?"

"డ్యాం అయితదా?"

ఆ అయిదు రోజులూ వాడకట్టుకంతా నీళ్లు తోడాను. మేస్త్రీ మళ్లీ చెయ్యి పట్టి, "బరికె గట్లనే ఉంది, కడుపొక్కటి పెరిగింది" అని, కూలీలకు నీళ్లు మొయ్యమని కావడి ఇచ్చాడు. (పని దొరికింది కదా అంటారు. అవమానం కూడా దొరికింది.) కావడితో డ్యాం గట్టు ఎక్కీ దిగీ, అవ్వ కట్టిచ్చిన జొన్నరొట్టె, పప్పు తినీ, మరుసటి వానాకాలానికి నా దండకు ఆ తాడు చాలలేదు. చూపిద్దామని పోతే మేస్త్రీ వేరే పనికి వెళ్లిపోయాడన్నారు. ఆ చెయ్యి అతను చూడనేలేదు.

ఇప్పుడు డాక్టరమ్మ కూడా, ఈ వయసులో కండ తొందరగా తరుగుతుంది, పప్పు తినండి, కూర్చోకుండా బరువులెత్తండి అంటోంది. పొద్దున్నే సగం బిందె ఎత్తి దించి, దండ మడిచి చూసుకుంటాను. మళ్లీ చింత బరికే. అయినా వాకిట్లో ఎవరిదైనా అడుగుల చప్పుడైతే, ఆ మేస్త్రీయేమోనని కాసేపు మడిచే ఉంచుతాను.