గుమ్మం దాటని బల్ల

మా బావంటే నాకు గిట్టదు. ముందే చెప్పేస్తున్నాను, తర్వాత ఎవరూ నన్ను ఆడిపోసుకోవద్దు. ఆయనకూ నేనంటే ఒళ్ళుమంటే. నేను గుమ్మంలో అడుగుపెడితే చాలు, పేపరెత్తి మొహానికి అడ్డం పెట్టుకుంటాడు. పెట్టుకోనీ, నాకేం నష్టం? నేను వెళ్ళేది అక్క కోసం.

అక్క బొంతలు కుడుతుంది. పైన రంగురంగుల గుడ్డముక్కలు అతికిన పొర, మధ్యలో దూది, అడుగున అస్తరు. మూడూ కలిపి సన్నటి కుట్టు వేస్తుంది. పెళ్ళయిన కొత్తలో ఊసుపోక మొదలుపెట్టింది, పిల్లలు రెక్కలొచ్చి ఎగిరిపోయేసరికి అదే ఆమె బతుకైంది. ఒకరు చనిపోయిన తండ్రి చొక్కాలు మూటగట్టి తెస్తారు, ఇంకొకరు పెరిగిపోయిన కూతురి గౌన్లు తెస్తారు. ఆ పాతగుడ్డల్ని అక్క బొంతగా కుట్టి ఇస్తే, పట్టుకుని ఏడ్చినవాళ్ళున్నారు. వీధి చివర ఎవరినడిగినా "బొంతలావిడ ఇల్లా? అదిగో" అని చూపిస్తారు.

అక్కడే వచ్చింది చిక్కంతా. బావ ఒకే ఆఫీసులో, ఒకే కుర్చీలో గుమాస్తాగా జుట్టు నెరిపించుకున్న మనిషి. బయట ఎలాగూ చెల్లదు, ఇంట్లోనైనా తన మాటే చెల్లాలి. ఒకసారి మంగలి షాపులో ఎవరో "ఈయనెవరు?" అని అడిగితే, "మన బొంతలావిడ మొగుడు" అన్నారట. సగం గడ్డంతోనే లేచి ఇంటికొచ్చేశాడు. ఆ కథ విని నేను పొట్ట చెక్కలయ్యేలా నవ్వాను. అక్క నవ్వలేదు. ఆ పూట కంచం ఎగిరి గోడకి తగిలింది మరి, ఆవిడకి నవ్వెలా వస్తుంది?

ఇన్నేళ్ళూ అక్క నేలమీద కూర్చునే కుట్టింది. మోకాళ్ళు అరిగిపోయాయి. "ఇక కింద కూర్చోవడం కుదరదు. నిలబడి చేసుకోగలిగితే చేసుకోండి, లేదంటే మానేయండి" అని డాక్టరమ్మ తేల్చి చెప్పింది. ఇంటికొచ్చి ఆ మాట చెబితే బావ మొహం చూడాలి! లాటరీ తగిలినవాడికి కూడా అంత వెలుగు రాదు.

"డాక్టరే చెప్పింది కదా, మానెయ్. పీడా పోతుంది."

"బల్లుంటే నిలబడి కుట్టుకోవచ్చటండీ."

"బల్లా? ఎక్కడ పెడతావ్, నా నెత్తిమీదా?"

చివరికి నా పోరు పడలేక, "చిన్నదేదో ముందుగదిలో ఓ మూల పడేసుకో. నా మంచం మాత్రం కదిలిందో, ఊరుకోను" అన్నాడు. ఆ ఇంట్లో పెద్ద కిటికీ ఉన్నది ముందుగదికే. ఆ కిటికీ పక్కన ఆయనగారి మంచం. దానిమీద ఆయనగారి మధ్యాహ్నపు కునుకు, ఆదివారాలు ఆయనగారి పేకాట.

చిన్న బల్ల బొంతపనికి దేనికీ పనికిరాదు. బరువు అంచునుంచి కిందికి వేలాడిందంటే కుట్టు వంకరపోతుంది, బొంత మొత్తం బల్లమీదే పడుకోవాలి. మూల పెట్టినా చావే, నాలుగువైపులా తిరుగుతూ లాగి సరిచేస్తేనే మడతలు పోతాయి. అంటే గది నడిమధ్యలో పెద్ద బల్ల ఉండాలి, మంచం లేవాలి. అది జరక్కపోతే అక్క సూది పక్కన పెట్టెయ్యాలి. సూది పక్కన పెడితే ఆ ఇంట్లో అక్కకి మిగిలేది ఆయన మొహం.

బావ వాళ్ళన్నగారి ఊరు వెళ్ళిన సమయం చూసి అక్క వడ్రంగిని పిలిపించింది. అతను అక్కని చెప్పుల్లేకుండా నిలబెట్టి, చెయ్యి మడవమని, మోచేతికి కాస్త కిందుగా గోడమీద పెన్సిలుతో గీత పెట్టాడు. అదీ బల్ల ఎత్తు. పెరట్లో చేసుకుంటే పొట్టు ఇంట్లో పడదు కదా అని నేనూ అన్నాను, అతనూ అన్నాడు. అక్క వినలేదు.

"లోపలే బిగించు" అంది.

"లోపల బిగిస్తే మళ్ళీ గుమ్మం దాటదమ్మా. జిగురు పోసి చీలలు దిగ్గొట్టాక ఊడదియ్యడం కూడా నావల్ల కాదు."

"తెలుసు. గట్టిగా కొట్టు."

పొట్టంతా ఊడ్చింది నేను! ముక్కులోకి పోయి తుమ్ములు. తిట్టుకుంటూనే ఊడ్చాను. అక్క మాత్రం ఒక పల్చటి గుడ్డ తీసుకుని బల్ల అంచుల వెంబడి పాముతూ తిరిగింది. గుడ్డ ఎక్కడ పట్టుకుంటే అక్కడ పేడు లేచినట్టు. అక్కడ గరుకు కాగితం పెట్టి రుద్దింది. మళ్ళీ గుడ్డ, మళ్ళీ కాగితం. మంచాన్ని అంతకుముందే మేమిద్దరం, వడ్రంగీ కలిసి వసారాలోకి ఈడ్చేశాం.

బావ వచ్చి వసారాలో మంచం చూశాడు. లోపలికి వచ్చి బల్ల చూశాడు. ఇంకేముంది, ఒంటికాలిమీద లేచాడు.

"ఇదా చిన్నది? దీనిమీద నాటకం ఆడొచ్చు!"

"బావగారూ, వసారాలో గాలి బాగా తగులుతుంది" అన్నాను. ఊరుకునే రకాన్ని కాదు కదా.

"నువ్వు నోర్ముయ్. దీన్ని పెరట్లో పారెయ్యకపోతే నా పేరు మార్చుకుంటా!"

"మార్చేసుకున్నారుగా మంగలి షాపులో" అనబోయి, అక్క చూపు చూసి మింగేశాను.

ఆదివారం పేకాట స్నేహితులు ముగ్గుర్ని వెంటేసుకొచ్చాడు. నలుగురూ బల్ల ఎత్తారు. చదునుగా పట్టుకుంటే గుమ్మానికి తగిలింది. పక్కకి వాల్చారు, కాళ్ళు అడ్డం. నిలబెట్టారు, పైకప్పు అడ్డం. కిటికీకి ఊచలున్నాయి. మళ్ళీ గుమ్మం. ఒకాయన వేలు బల్లకీ ద్వారబంధానికీ మధ్య నలిగి, "మీ మొగుడూపెళ్ళాల గోలలో మేం చావాలా?" అని అరిచాడు. బల్ల మళ్ళీ గది మధ్యలో కాళ్ళూనింది. బావ రొప్పుతూ అక్క మీదికి వచ్చాడు.

"ఎలా దూరిందే ఇది లోపలికి?"

"దూరలేదండీ. ఇక్కడే చేయించాను."

"కావాలనే చేశావా?"

"కావాలనే."

"ఓహో! అయితే అది పోకపోతే నువ్వు పో. నడు!" చెయ్యి గుమ్మం వైపు చాపాడు, అంతమంది ముందు.

అక్క కదల్లేదు. గొంతు కూడా పెంచలేదు.

"కోపమొచ్చిన ప్రతిసారీ పొమ్మనేవారు. పోయేదాన్ని. మీరు తలుపు తీసేదాకా గుమ్మం బయట ఆ మెట్టుమీద కూర్చునేదాన్ని, వీధిలోవాళ్ళకి కనపడకుండా తలొంచుకుని. తోస్తే పోతాను కనక తోశారు. అందుకే, తోసినా పోనిది ఒక్కటి ఈ ఇంట్లో ఉండాలని చేయించాను."

మెట్టు సంగతి నాకు తెలియదు. ఒక్క కడుపున పుట్టినదాన్ని, నాకే తెలియదు! ఆయన్ని దులిపేద్దామని కొంగు బిగించి ముందుకు ఉరికాను. స్నేహితులు ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకుని చెప్పుల్లో కాళ్ళు పెట్టారు. వేలు నలిగినాయన పోతూ పోతూ అక్కకి నమస్కారం పెట్టాడు.

"నువ్వూరుకోవే" అంది అక్క నాతో. "ఆ చివర పట్టుకో."

అస్తరు విప్పి బల్లమీద పరిచింది. నేను అటునుంచి లాగాను, ఆమె ఇటునుంచి లాగింది. బావ కిటికీ దగ్గర, మంచం ఉండేచోట అలాగే నిలబడిపోయాడు. అక్క అరచేత్తో గుడ్డమీది మడత నిమిరి, తలెత్తకుండానే, "కాస్త జరగండి, వెలుతురుకి అడ్డమొస్తున్నారు" అంది.

జరిగాడు. జరక్క ఏం చేస్తాడు?