నాయన తెచ్చిన నీలం నీళ్లు

ఎవరికేమిచ్చినా మంచిదే ఇవ్వాలన్న పిచ్చి మా నాయనది. ఆ పిచ్చి వల్ల నా ఎమ్మెస్సీ ప్రాజెక్టు మునిగిపోయేదే.

కామాటిపురాలో మా చాల్ ఇరుకు గది నుంచి పది నిమిషాలు నడిస్తే నాగ్‌పాడాలో ఆయన పనిచేసే కార్ఖానా. తాళాలకు, గొళ్ళేలకు రాగి పూత పూస్తారు. నా పనీ రాగితోనే. సిలికా పొడిలో కంటికి కనబడని రంధ్రాలుంటాయి. వాటి గోడలకు అమీన్ అనే రసాయనాన్ని అతికిస్తే, ఆ పొడి నీళ్లలోని రాగిని పట్టుకుని తెలుపు నుంచి నీలానికి మారుతుంది. ల్యాబ్‌లో కలుపుకున్న నీళ్లతో చక్కగా మారింది. "కార్ఖానా నీళ్లతో చేసి చూపించు, లేకపోతే ఈ టాపిక్ వదిలెయ్" అన్నారు మా గైడు మేడం.

పూత పూసిన సామాను కడిగే తొట్ల నుంచి ఒక సీసా కడుగునీళ్లు తెమ్మని నాయనను అడిగాను. నెమలి మెడ రంగు నీళ్లు తెచ్చాడు. మూడుసార్లు చేశాను. పొడి తెల్లగానే కూర్చుంది, నన్ను వెక్కిరిస్తున్నట్టు. నీళ్లెవరిచ్చారని మేడం అడిగితే "తెలిసినవాళ్లు" అన్నాను. మా నాయన అని చెప్పడానికి నోరు రాలేదు. ఆ మాటకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

సాయంత్రం నా ఏడుపు మొహం చూసి నాయన సంగతి అడిగాడు. చెప్పి, ఏ తొట్టి నీళ్లని అడిగాను.

"మొదటి తొట్టివి. అన్నిట్లకంటె చిక్కగుంటయ్. కాలేజీకి పల్సటి నీళ్లు ఎట్లిస్త బిడ్డా?"

"దాంట్ల తేజాబ్ ఉంటదా?"

"ఉండదా మరి? పూత అయినంక సీదా అండ్లనే ముంచుతం. చెయ్యి వెడితె సుర్రుమంటది."

తేజాబ్ అంటే ఆమ్లం. అది ఎక్కువైతే అమీన్ రాగిని పట్టదు. పుస్తకంలో చదివిందే. ఒక్క లిట్మస్ కాగితం ముక్క ముంచి చూస్తే తెలిసేది. రంగు చూసి నేనూ ఆయనలాగే మురిసిపోయాను.

"గట్లైతె ఆఖరి తొట్టివి తెస్త" అన్నాడు నాయన. "చూడనీకి వట్టి నీళ్లే, తేజాబ్ అంతగ ఉండదు. గానీ సామాను ఆరినంక మరక వడ్తది. రాగి ఉన్నట్టే."

మర్నాడు ఆ పలుచటి నీళ్లలో, మేడం కళ్ల ముందే, నా పొడి నీలంగా మారింది. ఈసారి ఆమె అడగకముందే చెప్పాను, నీళ్లు మా నాయన ఇచ్చాడని, ఆయన పూత పనివాడని.

రిపోర్టులో నమూనా సేకరించినవారి దగ్గర ఇంటిపేరుతో సహా ఆయన పేరు రాశాను. నాయనకు ఇంగ్లీషు రాదు. తన పేరెక్కడుందో చూపించమంటే చూపించాను. వెళ్లి సబ్బుతో చేతులు కడుక్కొచ్చి, మళ్లీ చూపించమన్నాడు.