వెనక వరుసలో దర్జీ

దర్జీ మెడలో టేపు తీయకుండానే ప్రార్థనలకు వెళ్ళేవాడు. తన మతమనే కాదు, వీధిలో ఎవరి ప్రార్థన జరిగినా వెనక వరుసలో కూర్చునేవాడు. వాళ్ళు వంగితే వంగేవాడు, లేస్తే లేచేవాడు. బయటికొచ్చాక, "ఆ మాటకి అర్థమేంటన్నా?" అని పక్కవాళ్ళ ప్రాణం తీసేవాడు. అవతలి మతం పెద్దాయన ఒక్కడే విసుక్కోకుండా విడమరిచి చెప్పేవాడు. రెండు మతాలవాళ్ళకీ గొడవై వీధిలో రాళ్ళు పడిన వారం ఆ పెద్దాయనే తమ ప్రార్థన మందిరం గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"ఇక రాకు తమ్ముడూ. మా కూపీ లాగడానికొస్తున్నావంటున్నారు."

"మీరూ అదే అనుకుంటున్నారా అన్నా?"

పెద్దాయన నేలచూపులు చూస్తూ తలుపు మూశాడు. దర్జీ తనవాళ్ళ ప్రార్థనకు వెళ్ళి కూర్చున్నాడు. పక్కనున్న సొంత బావమరిది లేచి దూరంగా జరిగాడు.

"వాళ్ళ దగ్గరే ఉండకపోయావా బావా?"

ఆ రోజు నుంచి దర్జీ ఏ దేవుడి ఎదుటా కూర్చోలేదు.