మధ్య గడిలో టిక్కు

కొట్టు తీసి, దేవుడి పటానికి అగరొత్తి తిప్పి, ఇంకా మొదటి బేరం కాకముందే ఫోను మోగింది. తెర మీద 'ఓడబ్బాయి' అని పడింది. మూడు నెలలుగా అతను సెలవు మీద ఇంట్లోనే ఉన్నాడు, ఓడ కంపెనీ పిలుపు కోసం చూస్తున్నాడు. ఆ పిలుపు వచ్చిందనుకుని, హలో కూడా అనకుండా, "ఏటి బాబూ, ఓడెక్కేస్తన్నావా?" అన్నాను నవ్వుతూ.  అవతల గాలి హోరులోంచి తెలియని గొంతు.

"నాను తమ్ముణ్ణండి. అన్నియ్య సచ్చిపోనాడండి, సావుకారుగారూ."

"ఎవరు?" అన్నాను. ఎవరో తెలిసే అడిగాను.

"పొద్దున్న అరుగు మీద కూకుని టీ తాగుతన్నాడండి. అలగే గోడకి ఒరిగిపోనాడు. గుండె అంటన్నారు. గ్లాసులో టీ సగం అలగే ఉన్నాదండి."

అతనికి నలభై నిండలేదు. ముందురోజు సాయంత్రమే మా అమ్మతో ఫోనులో మాట్లాడి, మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయని అడిగాడు. ఫోను పెట్టేశాక, ఎవరో ఆవిడ వచ్చి అయిదు లీటర్ల కుక్కరు అడిగితే నేను ఇడ్లీ పాత్ర దించి ఇచ్చాను. ఆవిడ దాన్నీ నన్నూ మార్చి మార్చి చూసి, పక్క కొట్టుకి వెళ్ళిపోయింది.

మాది బొబ్బిలిలో స్టీలు సామాన్ల కొట్టు. అతనిది కళింగపట్నంలో తరతరాలుగా చేపల వేటకి వెళ్ళే కుటుంబం. మాకూ వాళ్ళకీ చుట్టరికం లేదు, కంచం పొత్తూ లేదు. మా ఇంట్లో నీసు వాసన పడదు. అయినా అతను మాకేమవుతాడని ఎవరైనా అడిగితే 'మా ఓడబ్బాయి' అనేవాళ్ళం, అక్కడితో సరి.

రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడాది, కుక్కర్లు ఎక్కువ అమ్మిన డీలర్లని ఒక కంపెనీ సింగపూరు తీసుకెళ్ళి, అక్కడినుంచి నాలుగు రోజులు పెద్ద విలాస ఓడ మీద తిప్పింది. టికెట్టు ఇద్దరికి. పిల్లల పరీక్షలని మా ఆవిడ రానంది. "టికెట్టు మురగబెడతామేటిరా?" అని మా అమ్మ బయల్దేరింది. అప్పటికి ఆవిడకి డెబ్భై. పెట్టెలో చీరలకంటే కందిపొడి, చింతకాయ పచ్చడి, అటుకులు ఎక్కువున్నాయి.

ఓడలో మా గది గుమ్మంలో నిలబడి, "ఏటిరా ఇది, కోళ్ళగూడులాగున్నాది" అంది. వెనక తువాళ్ళ బండి తోసుకొస్తున్న యూనిఫారం మనిషి టక్కున ఆగిపోయాడు.

"అమ్మా, మీదే ఊరండీ?"

"బొబ్బిలి. నీది?"

"కళింగపట్నమమ్మా. ఈ గదులు సూసే స్టీవర్డుని నానే."

"కళింగపట్నమంటే, చేపలోళ్ళా?" అని మొహం మీదే అడిగేసింది. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

అతను నవ్వాడు. "అవునమ్మా. ఇక్కడ మాత్రం వొంటికి సబ్బు వాసనే. కావాలంటే సూడండి" అని రెండు చేతులూ చాపాడు. మా అమ్మ నిజంగానే వంగి వాసన చూసి, సరే రమ్మంది.

ఆ సాయంత్రం మేం తిరిగొచ్చేసరికి, అతను తెల్ల తువాలుతో మడిచిపెట్టిన పీత ఒకటి అమ్మ మంచం మీద డెక్కలు ఎత్తుకుని ఉంది. అమ్మ పెట్టిన కేకకి పక్క గదిలో గుజరాతీ డీలరు పరిగెత్తుకొచ్చాడు. పక్క మీద పీతేమిటని అమ్మ గొడవ. మర్నాటికి అది ఏనుగైంది. అద్దానికి అంటించి ఉన్న అమ్మ స్టిక్కరు బొట్టు దాని నుదుట పెట్టి ఉంది. నాలుగు రోజులూ అమ్మ ఆ ఏనుగుని విప్పనివ్వలేదు.

మిగతా డీలర్లంతా వేలాడే దీపాలు చూసి, అద్దాల లిఫ్టు చూసి, ఇరవై రకాల కేకులు చూసి నోళ్ళు తెరిచారు. మా అమ్మకి అవేవీ ఆనలేదు. ఆవిడ మనుషుల్ని చూసేది. భోజనాల హాలులో వడ్డించే కుర్రాళ్ళ గురించి, "నవ్వు అద్దెకి తెచ్చుకున్నట్టున్నారు" అంది. ఓడబ్బాయి గురించి మాత్రం ఏమీ అనలేదు. మా ఇంట్లో ఏమీ అనకపోవడమంటే బాగుందని.

అతను తలుపు మూడుసార్లు కొట్టేవాడు. కొట్టి, మూడుసార్లు ఊపిరి తీసి వదిలి, అప్పుడు తాళం పెట్టేవాడు. ఏది అడిగినా లేదనడు, 'సూస్తానమ్మా' అంటాడు. ఆ సూస్తాననడం అయ్యేలోపు పని అయిపోయేది. బయటి వంట మీద అమ్మకి నమ్మకం లేదని గ్రహించి, ఆవిడ స్టీలు క్యారియరే తీసుకెళ్ళి శాకాహారం వండే చోట వేడి అన్నం పెట్టించుకొచ్చేవాడు. ఇంత బాగా ఎలా చేస్తావని నేనడిగితే, "గదిలో నానున్నట్టు తెలవకూడదండి. లేనట్టూ తెలవకూడదు. అదే మా పని" అన్నాడు. ఇంకోసారి, పక్క గది మనిషి అతని మీద గట్టిగా అరిచాక, "కోపాన్ని ఎవలూ ఓడ మీద కొనుక్కోరండి. పెట్టిలో ఎట్టుకుని ఇంటికాడ్నించే తెస్తారు" అన్నాడు. ముప్ఫై ఏళ్ళుగా కొట్టు నడుపుతున్నాను, నాకా మాట తోచలేదు.

మూడోరోజు సముద్రం కాస్త పొంగింది. అమ్మ వాంతులతో సొమ్మసిల్లింది. నేను కంగారులో డాక్టరు నంబరు వెతుకుతుంటే అతను మోకాళ్ళ మీద కూర్చుని అంతా తుడిచేశాడు, ముక్కు చిట్లించకుండా. తరవాత ఆవిణ్ణి మెల్లగా పై అంతస్తుకి నడిపించి, రెయిలింగు దగ్గర కుర్చీ వేసి, పుల్లటి ఆపిలు ముక్క చేతిలో పెట్టాడు. "గోడని సూడకండమ్మా. అదిగో, నీళ్ళూ ఆకాశం కలిసే కాడ గీత సూడండి. మా అయ్య సెప్పీవోడు, ఓడ కదిలినా ఆ గీత కదల్దు." అమ్మ అరగంట ఆ గీతనే చూసింది. అతని చొక్కా అంచు ఆవిడ పిడికిట్లో ఉండిపోయింది. చేపలోళ్ళా అని అడిగిన మనిషే.

చివరిరోజు పొద్దున్న అతను ఒక కాగితం తెచ్చాడు. సేవ ఎలా ఉందో ప్రయాణికులు రాసిచ్చేది. పక్క గదుల స్టీవర్డులు చివరి గడిలోనే టిక్కు పెట్టండని బతిమాలుకోవడం తరవాత ఇతర డీలర్ల నోట విన్నాను. అతను అడగలేదు. గుమ్మంలో ఒక్క క్షణం ఆగి, "మీకు తోసినట్టు రాయండమ్మా" అని వెళ్ళిపోయాడు.

ప్రతి ప్రశ్నకీ అయిదు గడులు. నేను చదివి చెప్పాను.

"ఆ చివరిదేటిరా?"

"అద్భుతంగా ఉందని, అమ్మా."

"వద్దు. ఆ పిల్లడికి దిష్టి కొడతాది. పరాయి దేశంలో ఉన్నాడు, నీళ్ళ మీద ఉన్నాడు. మధ్యలో పెట్టు. పరవాలేదని."

అమ్మ మీదికి తోసెయ్యడం తేలిక, కాని పెన్ను నా చేతిలో ఉంది. నాకూ అదే సబబనిపించింది. సరుకుని మెచ్చుకుంటూ కొనేవాడు వర్తకుడు కాడని మా నాన్న నేర్పాడు. నా పెళ్ళిచూపుల్లో కూడా నేను పరవాలేదనే అన్నాను, మా ఆవిడ ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది. వరసగా అన్నిటికీ మధ్య గడిలో టిక్కు పెట్టాను. పేరు రాయమన్నచోట అతని పేరు పెద్ద అక్షరాలతో, ఎవరూ పొరబడకుండా, పొందిగ్గా రాశాను. మంచి పని చేశానన్న తృప్తితో ఓడ దిగాను.

ఆ తరవాత సెలవుకి వచ్చినప్పుడల్లా బొబ్బిలి వచ్చేవాడు. కొట్టు బార్లా తెరిచే ఉన్నా, షట్టరు మీద మూడుసార్లు కొట్టి ఆగేవాడు. మా గుమాస్తా నవ్వేవాడు. ఇంటికి తీసుకెళ్తే, అమ్మ గుమ్మంలోనే నిలబెట్టి, గుప్పెడు ఉప్పూ ఎండుమిరపకాయలూ మూడుసార్లు తిప్పి దిష్టి తీసేది. అతను బడిపిల్లాడిలా కళ్ళు మూసుకుని నిలబడేవాడు. "మనం రాసిన కాయితం వల్లే వీడి ఉద్యోగం నిలబడ్డాదిరా" అని అమ్మ వీధి వీధంతా చెప్పుకునేది. అతను ఎదురుగా ఉన్నప్పుడూ చెప్పేది. "అవునమ్మా" అనేవాడు.

పెద్ద ఉద్యోగం ఎప్పుడిస్తారని నేనడిగితే, "సూస్తానండి" అనేవాడు. ఒకసారి అరచేతులు తెల్లగా పాలిపోయి, వేళ్ళ సందులు పగిలి ఉన్నాయి. ఏమైందని అమ్మ పట్టుకు చూస్తే, "సబ్బు ఎక్కువైనాదమ్మా" అని చేతులు వెనక్కి తీసుకున్నాడు. మేం అక్కడితో వదిలేశాం. వాసన చూడమని ఒకప్పుడు తనే చాపిన చేతులు.

అతను పోయినరోజు నేను రాజాం మీదుగా బస్సులు మారి వెళ్ళేసరికే శ్మశానానికి తీసుకెళ్ళిపోయారు. దినానికి మళ్ళీ వెళ్ళాను. నాకు వేరే గిన్నెలో పప్పూ కూరా వండి పెట్టింది అతని భార్య. "మీ కొట్టు గిన్నేనండి. మీరెప్పుడొచ్చినా దీన్లోనే వండమని, నీసు తగల్నివ్వొద్దని సెప్పీవోడు" అంది. అన్నం కలుపుకుంటుంటే పక్కన ఒకతను వచ్చి కూర్చున్నాడు. పక్క ఊరివాడు, అదే ఓడలో కలిసి పనిచేశాడట.

"మీరేనేటండి బొబ్బిలి సావుకారు? మీ కాయితం కత మా ఓడంతా తెలుసండి" అన్నాడు, ఏదో సరదా కబురు చెబుతున్నట్టు.

ఏ కాగితమని అడిగాను.

"అయిదు గడులుంటాయి గదండి. మాకు మాత్రం ఒకటే గడి, ఆకరిది. నాలుగోది పడితేనే ఎందుకని అడుగుతారు. ఆ ఏడు ఆణ్ణి సూపర్వైజరుని సేస్తారని లిస్టులో పేరున్నాదండి. ఆ ట్రిప్పులో కాయితాలన్నీ ఆకరి గడే. మీదొక్కటే మద్దిలో. పైన పేరు కూడా పెద్దచ్చరాలతోటి. ఆపీసరు పదిమందిలో సదివి ఇనిపించి, ఆ ముసలమ్మకి నువ్వేటి సేసినావని అడిగినాడు."

"అతనేమన్నాడు?"

"ఏటీ అన్లేదండి. బోయినాల కాడ మాతోటి నవ్వినాడు. 'ఒరే, ఆళ్ళు మా వోళ్ళురా. మా వోళ్ళు పరవాలేదన్నారంటే పదికి పది ఏసినట్టు. ఇది ఈ దొరకి ఏ బాసలో సెప్పీది?' అన్నాడు. తరవాత కిందకి, లాండ్రీకి దింపీసినారండి. మరి పైకి రాలేదు."

నోట్లో ముద్ద అలాగే ఉండిపోయింది.  వడ్డిస్తున్న అతని భార్యకేసి చూశాను. ఆమె గరిటె గిన్నెలో పెట్టేసింది. "తెలుసండి. మీకు సెప్పొద్దని ఒట్టు ఏయించుకున్నాడు. అమ్మగారు నొచ్చుకుంటాది, నా మీద పేమతోటి రాసినాది అన్నాడు" అంది. కూర ఇంకొంచెం వెయ్యనా అని అడిగింది. ఎలా ఉందని అడగలేదు. అడిగి ఉంటే నా నోట ఏ మాట వచ్చేదో తలుచుకుంటే ఇప్పటికీ భయం వేస్తుంది.

ఆ టిక్కే అతన్ని చంపిందని నేననను. గుండె ఎవరిది ఎప్పుడు ఆగుతుందో ఎవరికి తెలుసు. కాని వెలుతురులో, మనుషుల మధ్య తిరగాల్సినవాణ్ణి ఓడ అడుగున ఆవిర్లలోకి పంపింది నేను. నాలుగేళ్ళు నా ఇంటికొచ్చి, నా ఎదురుగా కూర్చుని కాఫీ తాగి, ఒక్క మాట బయటపడనివ్వలేదు. అతనికి నేను ఇవ్వాల్సిన మాట ఒకటుంది, అది ఇక్కడ రాస్తున్నాను. నా జన్మలో అంత బాగా నన్ను చూసుకున్నవాడు లేడు. అన్నిటికీ చివరి గడే. బొబ్బిలివాళ్ళెవరైనా ఇది చదివితే, దయచేసి మా అమ్మకి చదివి వినిపించకండి. ఆవిడకి కళ్ళు ఆనవు, చెవులు మాత్రం బాగా వినిపిస్తాయి.

ఆ దినంనాడు నేను ఇల్లు చేరేసరికి అమ్మ గుమ్మంలోనే కూర్చుని ఉంది. చావింటి నుంచి వచ్చానని కాళ్ళకి నీళ్ళు పెట్టింది. నేను కడుక్కున్నాక, మోకాళ్ళు పట్టుకుని లేచి, నన్ను ఉన్నచోటే నిలబడమంది. కుడి గుప్పిట మూసి ఉంది.

"ఎవడిదో కన్ను పడ్డాదిరా వాడి మీద" అంది. "మనం మధ్యలోనే పెట్టాం కదూ?"

"మధ్యలోనే పెట్టామమ్మా."

"మరింకెవరో చివరి గడిలో పెట్టీసుంటారు, బుద్ధిలేనోళ్ళు" అని ఏడుస్తూ, గుప్పిట నా తల చుట్టూ తిప్పడం మొదలుపెట్టింది. ఎంతసేపటినుంచి పట్టుకు కూర్చుందో, వేళ్ళ సందుల్లోంచి ఉప్పునీరు కారి నా భుజం మీద చొక్కా తడిసింది. నేను కళ్ళు మూసుకుని, అతను నిలబడ్డట్టే, కదలకుండా నిలబడ్డాను.