ఎడమవైపు అద్దం

నా చిన్నప్పుడు, పదకొండో ఏట అనుకుంటాను, మేము గాజువాకలో ఒక వరస ఇళ్లలో అద్దెకుండేవాళ్లం. నాన్న గోదావరి జిల్లా నుంచి వచ్చి ఆటోనగర్‌లో ఒక వర్క్‌షాపులో ఫిట్టరుగా చేరాడు. పక్కింటి మావయ్య ఈ జిల్లా మనిషే. పోర్టు నుంచి ఇనుము మోసే పొడవాటి ట్రైలరు నడిపేవాడు. చుట్టరికమేమీ లేదు గానీ నాన్నా, ఆయనా ఒకరినొకరు బావా అని పిలుచుకునేవారు కాబట్టి ఆయన నాకు మావయ్య అయ్యాడు. ఆదివారం వాళ్లింట్లో చేపలు వండితే ఒక గిన్నె మా ఇంటికి వచ్చేది.

ఆ ఏడాది వానాకాలంలో ఒక సాయంత్రం నాన్న సైకిలు మీద ఇంటికి వస్తున్నాడు. ఆటోనగర్ మలుపు దగ్గర మావయ్య ట్రైలరు ఆగి ఉంది. బండిని గుర్తుపట్టి, ఒక మాట పలకరించి పోదామని నాన్న దాని ఎడమపక్క నుంచి ముందుకు వెళ్లాడు. అంతలో దారి దొరికి ట్రైలరు ఎడమకు తిరిగింది. అంత పొడుగు బండి తిరిగేటప్పుడు వెనక చక్రాలు ముందు చక్రాల జాడలో రావు, మలుపు లోపలికి జరుగుతూ వస్తాయి. నాన్న కుడికాలు వాటి కింద పడింది. ఆసుపత్రిలో మోకాలి పైదాకా తీసేశారు.

వీధిలో తలో మాట అన్నారు. తాగి నడిపాడని కొందరు, కునుకు తీశాడని కొందరు. కనపడలేదని మావయ్య అంటే ఎవరూ నమ్మలేదు. నేను అసలే నమ్మలేదు. మా నాన్న పొడగరి. అంత మనిషి, సైకిలుతో సహా పక్కనే ఉంటే కనపడకపోవడమేమిటి? పక్కింటి అత్త తెచ్చిన చేపల గిన్నెను అమ్మ గుమ్మంలోంచే వెనక్కి పంపింది. మావయ్య ఎదురైతే నేను ముఖం తిప్పుకునేదాన్ని. ఆయన ఏదో చెప్పబోయి తలవంచుకుని వెళ్లిపోయేవాడు.

మూడు నెలలకు నాన్న చంకకర్రల మీద ఇంటికి వచ్చాడు. నేను మావయ్యను తిడుతుంటే ఒకటి రెండుసార్లు నచ్చజెప్పబోయాడు గానీ నేను వినలేదు. ఒక ఆదివారం పొద్దున నన్ను ఆటో ఎక్కించి, లారీలు నిలిపే ఖాళీ స్థలానికి తీసుకెళ్లాడు. అక్కడ మావయ్య నిలబడి ఉన్నాడు. రమ్మన్నది నాన్నేనట. ఆ పక్కన అదే ట్రైలరు ఉంది. దాన్ని అప్పటికి వేరే ఆయన నడుపుతున్నాడు. నేను వెనక్కి తిరగబోతే నాన్న నా చెయ్యి పట్టుకుని, క్యాబిన్ ఎక్కి డ్రైవరు సీట్లో కూర్చోమన్నాడు. ఎందుకో చెప్పలేదు.

ఎక్కాను. మావయ్య గోనెసంచి మడిచి, నా కళ్లు తన కళ్లంత ఎత్తుకు వచ్చేలా సీటు మీద వేశాడు. తను మాత్రం లోపలికి రాలేదు, కుడివైపు కింద నిలబడ్డాడు. క్యాబిన్ అంతా డీజిలు వాసన. ముందు పెద్ద అద్దం, దూరంగా ఎడమ తలుపు, ఆ తలుపుకు బయట ఒక చిన్న అద్దం. అందులో ట్రైలరు పక్క భాగం, వేలాడుతున్న ఒక గొలుసు, వెనకాల గోడ కనిపిస్తున్నాయి.

"మీ నాన్న ఎక్కడున్నాడో సెప్పమ్మా," అన్నాడు మావయ్య.

ముందు చూశాను, కిటికీలోంచి చూశాను, చిన్న అద్దంలో చూశాను. ఎక్కడా లేడు. బండి వెనక్కి వెళ్లి ఉంటాడన్నాను. అప్పుడు ఎడమ తలుపు మీద టకటకమని చప్పుడైంది. సీటు మీదుగా పాకి వెళ్లి కిందికి తొంగి చూశాను. నాన్న తలుపుకు ఆనుకునే ఉన్నాడు. చంకకర్రతో తలుపు మీద కొడుతున్నాడు. ఎండ కళ్లలో పడి ముఖం చిట్లించుకుని పైకి చూస్తున్నాడు. చెయ్యి చాపితే తల తగిలేంత దగ్గర.

"ఆ రోజూ ఇలాగే కొట్టానే," అన్నాడు నాన్న. "బండి తిరగడం చూసి అరిచాను కూడా."

మావయ్య కుడి తలుపు దగ్గర నుంచి, నాకు మాత్రమే వినపడేంత మెల్లగా అన్నాడు. "ఇంజిను మోతలో నాకు ఇనపడలేదమ్మా. జనం కేకలేత్తేనే ఆపాను. దిగి సూత్తే మా బావ."

నాన్న కుంటుకుంటూ ఇవతలికి వచ్చేసరికి మావయ్య మెట్టు మీద కూర్చుని, తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. నేను నీ బండిని చూశాను కదా బావా, నువ్వూ నన్ను చూశావనే అనుకున్నాను, అన్నాడు నాన్న. నేను పైన ఆ సీట్లోనే ఉండిపోయాను. అన్నాళ్లుగా మోసిన కోపాన్ని ఎవరి మీద పెట్టుకోవాలో తెలియలేదు. కోపం పోతే మనసు తేలికపడుతుందంటారు, నాకైతే ఏడవడానికి కూడా ఒక దారి పోయినట్టయింది.

మావయ్య మళ్లీ స్టీరింగు పట్టుకోలేదు. ఆ తర్వాతి వేసవిలోనే వాళ్లు ఇల్లు ఖాళీ చేసి సొంతూరు వెళ్లిపోయారు. సామాను ఎక్కిస్తున్నప్పుడు దగ్గరికి వెళ్లి, నమ్మానని చెప్పాలనుకున్నాను. గుమ్మం దాకా వెళ్లి నిలబడిపోయాను. నాన్న అదే వర్క్‌షాపులో స్టూలు మీద కూర్చుని పనిముట్లు అందించే పనిలో చేరి, చివరిదాకా అదే చేశాడు.

ఇప్పుడు నాకు మనవలున్నారు. ఇప్పటికీ స్కూటీ నేనే నడుపుకుంటాను. పెద్ద బండి ఎడమ పక్కన ఎంత చోటున్నా దూరను, వెనకే ఆగుతాను. వెనకవాళ్లు హారన్లు కొడతారు, ముసలావిడకు బండెందుకని కూడా అంటారు. మొన్న పరవాడ వైపు వెళ్లే ట్రైలరు ఎడమ లైటు వేసుకుని తిరగబోతుంటే, కాలేజీ పిల్ల ఒకతె చెవుల్లో ఏవో పెట్టుకుని దాని పక్కకు దూరింది. హారన్ కొట్టాను, అరిచాను. వినపడలేదు. ఎలాగో తప్పించుకుని వెళ్లిపోయింది. తనకేం తప్పిందో తనకు తెలియనే తెలియదు. నేను బండి పక్కన ఆపి, ఆ ట్రైలరు కనుమరుగయ్యేదాకా చూస్తూ కూర్చున్నాను.

పెద్ద బండిని దాటాల్సి వస్తే ముందు దాని అద్దంలో డ్రైవరు ముఖం కోసం వెతుకుతాను. అది నాకు కనపడితేనే నేనూ ఆయనకు కనపడతాను, అందాకా కదలను. నా చేతిలో ఉన్నది అంతవరకే.